బొటనవేలు ముడుచుకుంటే

పిల్లల వేళ్లు కొంకర్లు పోయి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంటే మా కుందుర్పి వైపు ముందు వినిపించే మాట మూర్ఛ. ఫిట్స్ మాత్రలు మొదలవుతాయి. రక్తంలో కాల్షియం పడిపోయినా ఇలాగే అవుతుంది. బీపీ పట్టీ చుట్టి 3 నిమిషాలు బిగించి ఉంచితే, కాల్షియం తగ్గిన చెయ్యి చాలాసార్లు మన కళ్లముందే అలా ముడుచుకుంటుంది. ఏ పీహెచ్‌సీలోనైనా చూడొచ్చు.

అప్పుడే నోరు కూడా తెరిపించి చూడాలి. నాలుక మీద ఎంతకీ వదలని తెల్లపూత ఉంటే ఏపీఎస్-1 అనే అరుదైన జబ్బును అనుమానించాలి. దీనికి మూలం ఎయిర్ అనే జన్యువులో లోపం. 1997లో కనిపెట్టారు. ఒంట్లోని సొంత ప్రొటీన్లను రోగనిరోధక కణాలకు థైమస్ గ్రంథిలో పరిచయం చేసేది ఈ జన్యువే. ఆ పరిచయం జరగకపోతే కంచే చేను మేసినట్టు ఆ కణాలే సొంత గ్రంథుల మీద పడతాయి. లోపం సాధారణంగా అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తుంది కాబట్టి మేనరికాలున్న మన ఇళ్లు దీన్ని పరాయి దేశపు రోగమనుకోకూడదు. లక్నో సంజయ్ గాంధీ పీజీఐ వైద్యులు 2009లోనే భారతీయ రోగుల్లో ఈ జన్యువులో కొత్త మార్పులను చూపించారు.

ఈ దాడిలో యాంటీబాడీలు ఏ ప్రొటీన్ మీద పడుతున్నాయో పట్టుకునే పని నన్ను కట్టిపడేస్తుంది. రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టే పారాథైరాయిడ్ విషయంలో స్వీడన్ పరిశోధకులు ఆ గ్రంథి ప్రొటీన్లను ఒక్కొక్కటిగా రోగుల సీరంతో కలిపి చూసి, 2008లో నాల్ప్-5ను బయటపెట్టారు. కాల్షియం పడిపోయిన ఏపీఎస్-1 రోగుల్లో దాదాపు సగం మందికి దాని మీద యాంటీబాడీలున్నాయి. 2020 నాటికి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆండర్సన్, డెరిసి బృందాలు మనిషి ప్రొటీన్లన్నిటినీ ముక్కలుచేసి, 7 లక్షలకు పైగా ఫేజ్ వైరస్‌ల మీద మోయించాయి. సీరం పట్టుకున్న ఫేజ్‌లను ఉంచుకుని, మిగతావి కడిగేసి, పట్టుబడ్డవాటి డీఎన్‌ఏ చదివారు. పంటి ఎనామిల్ లోపానికి సంబంధమున్న ఏసీపీ-4 అలా దొరికింది.

నా దృష్టిలో వీటన్నిటికన్నా విలువైంది 2006లో తేలిన సంగతి. ఈ రోగుల్లో దాదాపు అందరికీ ఇంటర్‌ఫెరాన్ల మీద యాంటీబాడీలుంటాయి, అవీ చాలా తొందరగా వస్తాయి. అంటే ఒక్క సీరం పరీక్షతో జబ్బు ఆచూకీ దొరుకుతుంది. ఈ జబ్బు దెబ్బతీసే మరో గ్రంథి అడ్రినల్. దానిలోని 21-హైడ్రాక్సిలేజ్ మీద యాంటీబాడీ కనిపిస్తే, ఆ గ్రంథి పనిచేస్తుండగానే జాగ్రత్తపడొచ్చు. అడ్రినల్ దెబ్బతిన్న సంగతి తెలియకపోతే మామూలు జ్వరమే ప్రాణం తీస్తుంది. తెలిస్తే హైడ్రోకార్టిసోన్ మోతాదు పెంచి కాపాడుకోవచ్చు. హైదరాబాద్ నిమ్స్, సీడీఎఫ్‌డీ ఇప్పటికే అరుదైన జబ్బుల కేంద్రంగా ఉన్నాయి. కాల్షియం తగ్గి ఫిట్స్ వచ్చే ప్రతి బిడ్డ సీరాన్నీ అక్కడిదాకా చేర్చే ఏర్పాటు ప్రభుత్వమే చేయాలి.