కడపటి పలుకు

అరచేతిలో నిముడునంతటి చిన్న కంప్యూటరు బోర్డునకు విద్యుత్తు నందించినపుడు ఒక దీపము వెలిగి, అటుపిమ్మట ఏమియు జరుగక, తెర నల్లగనే నిలిచి, నెట్‌వర్కునందు దాని జాడయైనను కానరాకపోవుట ఇట్టి యంత్రములతో పని గలవారందఱకును అనుభవములోని విషయమే. అట్టి సమయమున తొందర గలవాడు మెమరీ కార్డును మార్చును. అది ఫలింపనిచో ఆపరేటింగ్ సిస్టమును మొదటినుండి మఱల వ్రాయును. అదియు విఫలమైనచో బోర్డు చచ్చినదని తీర్మానించి పెట్టెలో పడవేయును. కాని పలుదేశముల ఇంజనీర్లు పాతికేండ్లకు పైగా ఒకరినుండి యొకరు నేర్చుకొనుచు వచ్చిన పరీక్షాసంప్రదాయము వేఱొకటి కలదు. మౌనము వహించిన యంత్రము నెదుట నుంచుకొని ఆ సంప్రదాయము మొట్టమొదట వేయు ప్రశ్న యిది: మౌనమునకు ముందు కడపటి మాట పలికినవారెవరు, వారు పనిని ఎవరికి అప్పగింపబోవుచుండిరి?

ఈ ప్రశ్నకు అంతటి ప్రాధాన్యమేల కలిగినదో తెలియవలెనన్న, లినక్సు నడుచు చిన్న యంత్రము మేల్కొను విధమును కొంత తెలిసికొనవలెను. 2013లో వెలువడిన బీగిల్‌బోన్ బ్లాక్ అను బోర్డును దృష్టాంతముగ గ్రహింతము. అందు 512 మెగాబైట్ల డీడీఆర్ మెమరీ యున్నను, విద్యుత్తు వచ్చిన తొలిక్షణమున దానిని వాడుకొను శక్తి ప్రాసెసరునకు లేదు. ఏలయన ఆ మెమరీ ఏ వేగమున, ఏ కాలాంతరములతో నడువవలెనో ఎవరైనను ముందుగా దాని కంట్రోలరునకు తెలిపినగాని అది పనికిరాదు. కావున తయారీనాడే చిప్పులో చెఱుపరాని విధమున నిక్షిప్తమైన రోమ్ కోడు మొదట మేల్కొని, కార్డునందో బోర్డుమీది ఫ్లాష్ మెమరీయందో ఎంఎల్‌ఓ అను చిన్న ఫైలును వెదకి, చిప్పు లోపలనే యున్న 128 కిలోబైట్ల మెమరీలోనికి దానిని తెచ్చి పని నప్పగించును. ఆ ఫైలు 109 కిలోబైట్లకు మించరాదు. ఎస్‌పీఎల్ అని పిలువబడు ఈ తొలి లోడరు డీడీఆర్ మెమరీని సిద్ధపఱచి, అందులోనికి యూ-బూట్ అను పెద్ద బూట్‌లోడరును దించును. యూ-బూట్ కెర్నెలును, హార్డ్‌వేరు వర్ణనమైన డివైస్ ట్రీని మెమరీలో నుంచి కెర్నెలునకు అధికారము నొసగును. కెర్నెలు మూల ఫైల్‌సిస్టమును కనుగొని, ఇనిట్ అను ప్రథమ ప్రక్రియను ప్రారంభించును. సంస్కృత నాటకమున సూత్రధారుడు ప్రస్తావన ముగించి, పాత్రను ప్రవేశపెట్టి రంగమును విడిచిపోవునట్లు, ఇందు ప్రతివాడును తన తరువాతివానిని ప్రవేశపెట్టి నిష్క్రమించును. అట్లు నిష్క్రమించినవాడు, వచ్చినవాడు తడబడుచున్నను మఱల వచ్చి ఆదుకొనజాలడు. అందుచేతనే ప్రారంభదోషములలో పెక్కు ఒకానొక దశ నడుమకంటె రెండు దశల సంధియందే బయటపడుచుండును. ఆ సంధిని గుర్తించుటయే ఈ విద్యకు ప్రాణము.

గుర్తించుటకు కావలసిన సాధనము అత్యంత నిరాడంబరమైనది. బోర్డుమీది సీరియల్ పోర్టునకు యూఎస్‌బీ-సీరియల్ ఎడాప్టరును మూడు తీగలతో కలిపి, వేగమును సాధారణముగ 115200గా నిర్ణయించి, కంప్యూటరు తెరపై వచ్చు అక్షరములను చదువుటయే. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ అంగళ్లలో సైతము ఈ ఎడాప్టరు సులభముగ దొరకును. ఒకదాని పంపు తీగ రెండవదాని గ్రహణపు తీగకు చేరవలెను. గ్రౌండు తీగ రెంటికిని ఉమ్మడిగ నుండవలెను. ఎడాప్టరునందలి విద్యుత్తు తీగను మాత్రము కలుపనేరాదు. బీగిల్‌బోను, రాస్ప్‌బెర్రీ పై వంటి బోర్డుల సీరియల్ తీగలు 3.3 వోల్టులకు నిర్మింపబడినవి. 5 వోల్టుల ఎడాప్టరుగాని, అంతకంటె అధికమైన ధన ఋణ వోల్టేజీలతో నడుచు పాత ఆర్ఎస్-232 కేబులుగాని తిన్నగ తగిలించినచో, రోగనిర్ణయమునకై వచ్చినవాడే మృత్యుకారకుడగును. మఱియొక సూక్ష్మము కలదు. ఏమియు తగిలింపక గాలిలో విడిచిన గ్రహణపు తీగ పరిసరములందలి విద్యుత్‌కోలాహలమును అక్షరములుగ భ్రమించుటయు, 'ఏదేని మీట నొక్కి ఆపుము' అని లెక్కించుచున్న యూ-బూట్ ఆ భ్రాంత్యక్షరమును చూచి ఆగిపోవుటయు కలదు. అట్టి బోర్డు పరీక్షించువాని యెదుట, కేబులు తగిలియున్నంతవఱకు, చక్కగ లేచి, కేబులు తీసినంతనే మొరాయించును. ఈ సంగతి నెఱుగనివానికి అది యంత్రమాయవలె తోచుటలో వింతలేదు.

ఇక తొలి సంధి. బీగిల్‌బోన్ రోమ్ కోడునకు ఎచ్చటను తగిన ఫైలు దొరకనిచో, అది సీరియల్ తీగపై 'సి' అను అక్షరమునే మఱల మఱల పంపుచుండును. పిచ్చిపలుకువలె కనబడు ఆ అక్షరధార నిజమునకు ఒక యభ్యర్థనము: ఎక్స్‌మోడెమ్ పద్ధతిలో తొలి లోడరును ఈ తీగమీదనే పంపుడని రోమ్ కోరుచున్నది. కార్డు పాడైనను, ఫ్లాష్ చెడినను ఆ తీగమీదుగనే ఎస్‌పీఎల్‌ను, దానివెంట యూ-బూట్‌ను పంపి బోర్డును మేల్కొలుపవచ్చును. కార్డునుండియే మొదలిడవలెనని కోరువారు బోర్డుమీది ఎస్2 మీటను నొక్కి పట్టి విద్యుత్తు నీయవలెను. రీసెట్ మీటతో ఆ పని నెఱవేరదు, ఏలయన ఆ ఎంపికను చిప్పు విద్యుత్తు వచ్చిన క్షణముననే చదివి గుర్తుంచుకొనును. రాస్ప్‌బెర్రీ పై మార్గము భిన్నము. దాని ఆకుపచ్చ దీపము నాలుగుమాఱులు మినుకుమన్నచో స్టార్ట్ అను ఫర్మ్‌వేరు ఫైలు కానరాలేదనియు, ఏడుమాఱులు మినుకుమన్నచో కెర్నెలు ఫైలు కానరాలేదనియు అర్థము. తీగయైనను లేనివానికి ఇంతటి సమాచారము నిచ్చుట గొప్ప ఔదార్యమే.

ఎస్‌పీఎల్ తన పేరును, సంవత్సరమును ముద్రించి, అంతటితో ఆగినచో దృష్టిని డీడీఆర్ మెమరీపై నిలుపవలెను: అన్య బోర్డునకై నిర్ణయించిన కాలాంతరములు ఇందు చేరియుండవచ్చును, లేదా అవసరమైన వోల్టేజి అందక యుండవచ్చును. విద్యుత్తు విషయమున కొంత శ్రద్ధ ఎల్లవేళల నుంచుట మంచిది. రాస్ప్‌బెర్రీ పై బోర్డులు సుమారు 4.63 వోల్టులకు దిగువకు పడినపుడు అల్పవోల్టేజి హెచ్చరిక నిచ్చును. సన్నని, పొడవైన చార్జరు కేబులుచేత కలుగు ఈ దోషమును సాఫ్ట్‌వేరు దోషమని తలచి పగలెల్ల వెచ్చించినవారు కొల్లలు.

యూ-బూట్ పలుకరించినచో సగము గండము గడచినట్లే. ఈ బూట్‌లోడరునకు జర్మనీ దేశస్థుడైన వోల్ఫ్‌గాంగ్ డెంక్ కర్త. మాగ్నస్ డామ్ పవర్‌పీసీ చిప్పులకై వ్రాసిన 8ఎక్స్ఎక్స్‌రోమ్ అను చిన్న కార్యక్రమమునుండి పీపీసీబూట్ వికసించెను; ఇతర జాతుల ప్రాసెసర్లకును విస్తరించిన పిమ్మట 2002లో అది యూ-బూట్ అను నామమును ధరించెను. డెంక్ 2022లో దివంగతుడయ్యెను. ఆయన సంప్రదాయమునందు నాకు పూజ్యముగ తోచు గుణమొకటి కలదు. యూ-బూట్ కేవలము కెర్నెలును దించి ఊరకొనునది కాదు. నిలిపి ప్రశ్నించినచో సమాధానము చెప్పును. కార్డు కనబడుచున్నదా, అందు ఏయే ఫైళ్లు కలవు, మెమరీలో ఫలాని చిరునామాయందు ఏమి యున్నది, నెట్‌వర్కు మీదుగ వేఱొక కెర్నెలును తెచ్చుకొనగలదా అని ఒక్కొక్కటిగ అడుగవచ్చును. మెమరీని చూపు ఆజ్ఞతో డివైస్ ట్రీ యున్న స్థలమును పరికించినచో, హెక్సాడెసిమల్ లెక్కలో డీ00డీఫీడ్ అను ముద్ర మొదట కనబడవలెను. పదముగ చదివినపుడు బైట్లు తలక్రిందులై ఈడీఎఫ్ఈ0డీడీ0 అని కనబడును. ఆ ముద్ర లేనిచో దించుటయే సరిగ జరుగలేదని, కెర్నెలును నిందింపకయే, తేల్చుకొనవచ్చును. చెక్‌సమ్ చెడినది, అప్రమేయ ఎన్విరాన్‌మెంటును వాడుచున్నాను అని యూ-బూట్ హెచ్చరించినచో, దానికి దిగులుపడ నక్కఱలేదు. క్రొత్త బోర్డునందు అది సహజము. నిన్నటివఱకు నడచిన బోర్డునందు అదే వాక్యము కనబడినచో మాత్రము, భద్రపఱచుచున్న వేళ విద్యుత్తు పోయి, మనము కూర్చిన ఆజ్ఞలన్నియు నశించినవని గ్రహింపవలెను.

ఇంతవఱకు చెప్పినవన్నియు స్వల్పములు. ఈ శాస్త్రమున పెద్దలను సైతము పరీక్షించు ఘట్టము 'స్టార్టింగ్ కెర్నెల్' అను పంక్తి తరువాత వచ్చు నిశ్శబ్దము. ఆ పంక్తి యూ-బూట్ పలికినదే గాని కెర్నెలు పలికినది కాదు. కెర్నెలు తొలి యాజ్ఞలోనే కూలినదో, లేక క్షేమముగ నడుచుచు పలుకుటకు నోరు లేక యున్నదో ఆ నిశ్శబ్దము చెప్పదు. రెండవ పక్షమే ఎక్కువ సంభావ్యము. కెర్నెలునకు యూ-బూట్ అందించు ఆజ్ఞావాక్యమునందు కన్సోలు పేరు తప్పైనచో, యంత్రము సంపూర్ణముగ లేచి కూడ మూగదియై కనబడును. బీగిల్‌బోన్ సీరియల్ పోర్టునకు పాత కెర్నెళ్లయందు టీటీవైఓ0 అనియు, డ్రైవరు మాఱిన పిమ్మట టీటీవైఎస్0 అనియు పేరగుటచేత, కెర్నెలును నవీకరించినవారు ఎందఱో ఈ మూగతనమునకు పాలైరి. నెట్‌వర్కు కేబులు దీపము వెలుగుచున్నదా, బోర్డు చిరునామా కోరుచు రౌటరును పలుకరించినదా అని చూచుట ఇట్టి వేళ తొలి కర్తవ్యము. అటుపై ఆజ్ఞావాక్యమునకు ఎర్లీకాన్ అను పదమును చేర్చినచో, అసలు డ్రైవరు లేవకమునుపే కెర్నెలు తన తొలిమాటలను తీగపై నుంచగలదు.

అప్పటికిని నిశ్శబ్దమేయైనచో మెమరీ పటమును పరిశీలింపవలెను. ఈ బోర్డునందు మెమరీ హెక్సాడెసిమల్ 80000000 వద్ద మొదలగును. వాడుకలో కెర్నెలును 82000000 వద్ద, డివైస్ ట్రీని 88000000 వద్ద, రామ్‌డిస్కును 88080000 వద్ద నుంతురు. ఈ ఎడములను అర్థము లేనివిగ నెంచి ఇష్టానుసారము కుదించినచో, సంపీడనము వీడి పెరిగిన కెర్నెలు డివైస్ ట్రీ మీదుగ ప్రవహించి దానిని తుడిచివేయును. 32-బిట్ ఆర్మ్ జాతి కెర్నెలు తన తొలి యాజ్ఞకు ముందు కోరు నియమములు కొలదియే: డేటా కాషే, ఎంఎంయూ ఆగియుండవలెను, మొదటి రిజిస్టరు శూన్యమై యుండవలెను, మూడవ రిజిస్టరునందు డివైస్ ట్రీ చిరునామా యుండవలెను. ఆ చిరునామా సరియే యైనను, అచ్చటి వర్ణనము వేఱొక బోర్డునకు సంబంధించినదైనచో, కెర్నెలు లేని పరికరములను వెదకుచు ఆగిపోవును.

అన్ని యుపాయములును అడుగంటిన పిమ్మట నాకు మిక్కిలి ప్రీతికరమైన ప్రక్రియ యొకటి మిగులును. కెర్నెలు పలుకదలచిన ప్రతివాక్యమును ముందుగ మెమరీలోని ఒక నిలయమున వ్రాసికొని పిదప కన్సోలునకు పంపును. విద్యుత్తును త్రుంపక రీసెట్ మాత్రము చేసినచో డీడీఆర్ మెమరీలోని యక్షరములు పెక్కుమాఱులు చెక్కుచెదరవు. కెర్నెలుతోబాటు నిర్మితమైన సిస్టమ్ మ్యాప్ అను ఫైలునందు ఆ నిలయపు చిరునామా చూచి, సీ0000000తో మొదలగు కల్పిత చిరునామాను 80000000తో మొదలగు నిజ చిరునామాగ మార్చి, యూ-బూట్ ఆజ్ఞతో అచ్చటి మెమరీని తెరచినచో, కుడివైపు నిలువుపట్టియందు కెర్నెలు ఎవరికిని వినబడకుండ పలికిన మాటలన్నియు బయల్పడును. కూలుటకు ముందటి కడపటి వాక్యమును అందు చదివినపుడు కలుగు తృప్తి మాటలకందనిది.

కెర్నెలు పలుకనారంభించి, 'కెర్నెల్ ప్యానిక్' అని ప్రాణములు విడిచినచో, భయపడవలసినది లేదు; అదియే అత్యంత స్పష్టమైన మరణవాఙ్మూలము. మూల ఫైల్‌సిస్టము దొరకలేదను వాక్యమున కుండలీకరణములలో రెండంకెలుండును. అవి 0, 0 అయినచో ఆ పేరుగల పరికరమే కెర్నెలునకు కానరాలేదు: డ్రైవరు లేదు, లేదా కార్డు ఇంకను మేల్కొనలేదు, లేదా పేరు తప్పు. కార్డు ఆలస్యముగ మేల్కొనునదైనచో ఆజ్ఞావాక్యమున రూట్‌వెయిట్ అను పదము చాలును. అంకెలు 179, 2 అయినచో కార్డునందలి రెండవ విభాగము కెర్నెలునకు తెలిసినది. దానిలోని ఫైల్‌సిస్టమును మాత్రము చదువలేకపోయినది. రెండు దోషములకును చికిత్సలు పూర్తిగ వేఱు. అంకెలను చదువక కార్డును మఱల వ్రాయువాడు రెంటికిని ఒకే మందు వేయుచున్నాడు. ఇట్లే ఇనిట్ ఫైలు కన్నులయెదుట నుండగనే కెర్నెలు మైనస్ 2 అను దోషసంఖ్యతో 'ఫైలు లేదు' అనవచ్చును. లేనిది ఇనిట్ కాదు. దానిని మెమరీలోనికి దించవలసిన డైనమిక్ లోడరు. మైనస్ 8 అన్నచో ఆ ఫైలు వేఱొక జాతి ప్రాసెసరునకు చెందినది.

ఒక్కమాఱు ఒక్క మార్పు మాత్రమే చేయుట, చేసిన మార్పును వెంటనే వ్రాసికొనుట ఈ సంప్రదాయమున ఆచారములు. వీనికి తోడు, బోర్డు ఆరోగ్యముగ నున్న దినమున దాని ప్రారంభ లాగ్‌ను ఆద్యంతము భద్రపఱచుట యను నియమమొకటి కలదు. నా యెఱుకలో దీనికంటె ఫలవంతమైనది లేదు, దీనికంటె ఉపేక్షింపబడునదియు లేదు. రోగదినపు లాగ్‌ను దాని ప్రక్కన నుంచి చూచినచో, రెండును విడిపోవు పంక్తియే వెదకుచున్న సంధి. సీరియల్ తీగను మూసివేసి, బూట్‌లోడరునకు తాళము వేసి అమ్ముడగు యంత్రములయందు ఈ విద్యకు చోటు లేదు. వాని రక్షణకు కారణము లుండవచ్చును గాని, ఒక చిన్న ఫైలు చెడినంతమాత్రమున మంచి బోర్డు చెత్తలో చేరుట నాకు బాధాకరముగనే యుండును.

దూరప్రదేశములందు, సెల్‌టవరులపైనను, పొలములలోని పంపుల కడను నిలుపబడు యంత్రముల వద్దకు తీగతో పోవుట సాధ్యము కాదు. కావున వానియందు యూ-బూట్ ప్రతి ప్రారంభమును లెక్కించి, నిర్ణీత పరిమితి దాటినంతనే ప్రత్యామ్నాయ ఆజ్ఞను నడపి, పూర్వపు కెర్నెలునకు మరలునట్లు అమర్పవచ్చును. కెర్నెలు క్షేమముగ లేచిన పిమ్మట ఆ లెక్కను శూన్యము చేయు బాధ్యత లినక్సుది. స్తంభించిన యంత్రమును మఱల మొదలిడుటకు వాచ్‌డాగ్ టైమరు తోడుండవలెను. ఎన్విరాన్‌మెంటునకు రెండు ప్రతులుండవలెను. ఈ యేర్పాట్లు కాగితముపై నున్నంతమాత్రమున చాలదు. యంత్రమును బయటికి పంపుటకు ముందు, ఎస్‌పీఎల్ పలికిన వెంటనే ఒకమాఱు, ఎన్విరాన్‌మెంటు వ్రాయుచుండగ నొకమాఱు, కెర్నెలు మూల ఫైల్‌సిస్టమును తెఱచుచుండగ నొకమాఱు విద్యుత్తును బుద్ధిపూర్వకముగ త్రుంచి, ప్రతి పర్యాయమును సీరియల్ తీగపై వచ్చిన లాగ్‌ను ఆ బోర్డు సంఖ్యతో దాచిపెట్టవలెను.