కోరా గుడ్డ, ఫోమ్ రెక్క

ఈ వారం మా మేనల్లుడు తెచ్చిన పెట్టె చూసి నాకు నిజంగానే కోపం వచ్చింది. ఇంటర్ చదివే పిల్లోడు. రిమోట్ విమానం నడపడం నేర్చుకోవాలని ముచ్చటపడి, కొత్తవాళ్ళ కోసం చేసిన ఫోమ్ విమానం కొన్నాడు. మీటరు పైచిలుకు రెక్క, ముక్కున మోటారు, కడుపులో వాలిన విమానాన్ని నిలబెట్టే గైరో. రెక్క తగిలించేసి, "ఇంగేముంది మామా, బ్యాటరీ పెడితే ఎగిరేదే గదా!" అన్నాడు.

నా పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలిసిందే. తన చేత్తో చెయ్యని వస్తువు మనిషికి అర్థం కాదని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను. విమానమైతే మరీనూ. బాల్సా కర్ర కోసి, అతికించి, పైన పల్చటి కాగితం పరిచినవాడికి రెక్క బలమెంతో వేళ్ళకే తెలుస్తుంది. అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే అన్నదమ్ములు 1937లో రేడియోతో ఎగరేసిన 'గఫ్'కు విమానమూ వాళ్ళే చేసుకున్నారు, రేడియో కూడా వాళ్ళే చేసుకున్నారు. అది ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. పెట్టె విప్పి ఎగరేసేవాడికి ఆ విద్య ఎట్లా వస్తుంది?

ఇదే వాడి తలకెక్కించాలని కలంకారీ సంగతి ఎత్తుకున్నాను. శ్రీకాళహస్తిలో ఏ పని గురించి మాట్లాడినా అక్కడికే చేరతాం. కలం గుడ్డను తాకేది ఎప్పుడో తరువాత. ముందు కోరా గుడ్డలో గంజి పోయేదాకా ఉతకాలి. కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో ముంచి, పిండి, ఎండకు ఆరేయాలి. కరక్కాయ ఇనుప సిరాను పట్టి నల్లగా తేలుస్తుంది, పాలలోని కొవ్వు ఆ సిరాను పాకనివ్వదు. ఆ సిరా కూడా తుప్పు ఇనుము బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరితే వచ్చేదే. పాలు సరిగా పట్టని చోట గీత చెదిరిపోతుంది. అప్పుడు ఎంత గొప్ప చెయ్యయినా ఏమీ చెయ్యలేదు. ఆపైన చింత బొగ్గుతో బొమ్మ, పటిక, ఉడకబెట్టడం, స్వర్ణముఖి ఏటిలో జాడింపు. ఆ జాడింపుకు పారే నీరే కావాలి. నిలవ నీటిలోనైతే వదిలిన రంగు మళ్ళీ గుడ్డకే అంటుకుంటుంది. ఏరు ఎండిన నెలల్లో ఈ పనివాళ్ళు పడే పాట్లు మన ఊరు ఇంకా పట్టించుకోవాలి. జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరూ ఆయన గీతను మెచ్చుకున్నారు. ఆ గీతను నిలబెట్టిన పాలకూ కరక్కాయకూ కూడా ఆ మెప్పులో వాటా ఉందని నా నమ్మకం.

అంతా విని వాడు అడిగాడు: "ఆ గుడ్డ కూడా వాళ్ళే నేస్తారా మామా?"

నేయరు. కొంటారు. నేత ఇంకొకరి విద్య. కలంకారీ మనిషి పని, కొన్న గుడ్డను గీతకు సిద్ధం చేయడం దగ్గర మొదలవుతుంది. అలాగైతే పెట్టెలోంచి వచ్చిన విమానమూ కోరా గుడ్డే. దాన్ని చూసి కోపగించుకోవాల్సిన పని లేదు, సిద్ధం చేయాలి.

ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. మొదట ప్రొపెల్లర్ విప్పించాను, మోటారు ఉన్నట్టుండి తిరిగితే వేళ్ళు తెగుతాయి. ముందు ట్రాన్స్‌మిటర్ వేయాలి, తరువాతే విమానం బ్యాటరీ కలపాలి. ఆపేటప్పుడు ముందు బ్యాటరీ తీయాలి. విమానం వెనక నిలబడి, ట్రాన్స్‌మిటర్ కర్రను కుడికి నెడితే కుడి ఐలెరాన్, అంటే రెక్క వెనకంచున కదిలే పలక, పైకి లేవాలి. కర్రను మనవైపు లాగితే తోకలోని ఎలివేటర్ పలక పైకి రావాలి. గైరోకూ పరీక్ష ఉంది. విమానాన్ని చేత్తో ఎడమకు వాల్చితే ఎడమ ఐలెరాన్ తనంతట తానే కిందికి దిగాలి. తిరగబడి పనిచేసే గైరో వాలిన విమానాన్ని ఇంకా వాలుస్తుంది.

అన్నిటికన్నా పెద్దది సీజీ, అంటే విమానం బరువు సమంగా తూగే చోటు. రెక్క ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య, తయారుచేసినవాళ్ళు గుర్తు పెట్టిన చోట, రెండు వేళ్ళ మీద ఆనించి చూడాలి. విమానం సమంగా నిలవాలి, లేదా ముక్కు ఒక్క పిసరు దిగాలి. మావాడిది తోక వాలింది. బ్యాటరీని ముందుకు జరిపితే సరిపోయింది, సీసం అతికించే పని పడలేదు. ముక్కు బరువైన విమానం మొద్దుగా పోతుంది గానీ మాట వింటుంది. తోక బరువైనది తల ఎత్తి, వేగం పోగొట్టుకుని కూలుతుంది. కొత్త చేతికి దాన్ని సరిదిద్దే వ్యవధే ఉండదు.

కాబట్టి నా తీర్పు ఇది: మొదటి విమానం కొనండి, గైరో ఉన్నదే కొనండి. మొదటి రోజే కూలితే చాలామంది పిల్లలు దాన్ని మళ్ళీ ముట్టుకోరు. బాల్సా రెండో ఏడాదికి ఉంచుకోవచ్చు. కానీ ఈ పరీక్షలన్నీ పిల్లవాడి చేతే చేయించండి. తెల్లవారి గాలి లేవకముందే పొండి. గాలికి ఎదురుగా, నేలకు సమంగా విసరమనండి. ఏటి ఇసుక మెత్తన నిజమే గానీ, అందులోని నల్ల ఇనుప రేణువులు మోటారు అయస్కాంతాలకు పట్టుకుంటాయి. గడ్డి మొలిచిన చెరువు నేల మేలు. 2021 డ్రోన్ రూల్స్ కింద ప్రభుత్వం ఇచ్చిన మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో ముందే చూసుకోండి. పసుపైతే ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ) అనుమతి, ఎరుపైతే కేంద్రం అనుమతి కావాలి. మన ఊరి నుంచి ఏర్పేడు వైపు పోయేకొద్దీ రేణిగుంట విమానాశ్రయం దగ్గరవుతుంది.