గతం ఎవరికి ఉంది?

మన కథల్లో బుగతకి గతం ఉంటుంది. తాత తవ్వించిన చెరువు, తండ్రి పోగొట్టిన మాన్యం, చిన్ననాటి మేనమరదలు, అన్నీ ఫ్లాష్‌బ్యాక్‌లో వస్తాయి. అతని కంబారికి గతం ఉండదు. మొదటి పేరాలో నాగలితో వస్తాడు, ఆఖరి పేరాలో దెబ్బలు తిని పోతాడు. ఆడి తాత ఎవరు, ఆ భూమిని చదును చేసిందెవరు అన్న ప్రశ్న రచయితకి రాదు. దీన్ని శిల్పలోపం అని సరిపెట్టుకుంటే కుదరదు. గతం లేని మనిషికి హక్కు అడిగే వీలుండదు. అతనికి దక్కేది జాలి ఒక్కటే.

ఊళ్ల గతం చెప్పేటప్పుడూ ఇదే తంతు. వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న కళింగపట్నం గురించి రాస్తే డచ్చివాళ్ల వర్తకం, ఇంగ్లీషువాళ్ల రేవు, దీపస్తంభం, దగ్గర్లోని శాలిహుండం బౌద్ధ స్తూపాలు తప్పకుండా వస్తాయి. ఓడలకి బస్తాలు మోసినవాళ్లు, స్తూపానికి ఇటుక కాల్చినవాళ్లు రారు.

ఈ జిల్లా మురపాకలో 1924లో పుట్టిన కాళీపట్నం రామారావు 1964లో రాసిన 'యజ్ఞం' ఈ తీరుకి అడ్డం తిరిగింది. సుందరపాలెంలో పంచాయితీ జరుగుతుంది. గోపన్నకి దళితుడు అప్పల్రాముడు బాకీ. ఊరి పెద్ద శ్రీరాములునాయుడు. ఇక్కడ గతం ఎవరో కిటికీలోంచి చూస్తూ తలపోసుకునేది కాదు, పంచాయితీలో సాక్ష్యం. ఊరు ఎలా 'బాగుపడిందీ', ఆ బాగుతోపాటే అప్పల్రాముడు ఎలా దిగజారిందీ కథ చెబుతూ పోతుంది. అప్పుపత్రం కూడా ఒక పూర్వకథే, కాకపోతే అప్పిచ్చినవాడు రాసుకున్నది. దానికి ఎదురుగా అప్పల్రాముడి బతుకు నిలబడుతుంది. చివర కొడుకు సీతారాముడు తన బిడ్డనే చంపుకున్నప్పుడు మనం ఉలిక్కిపడతాం గానీ, ఎందుకని అడగం. ఆ గతం బిడ్డ మీదికి కూడా వారసత్వంగా వస్తోందని అప్పటికే తెలిసిపోయింది. వెనక్కి వెళ్లిన ప్రతి అడుగూ ఆ ముగింపు కోసమే.

అయితే ఒక మాట అనక తప్పదు. పంచాయితీ గతాన్ని లెక్కల్లోనే వింటుంది: ఎంత భూమి, ఎంత అప్పు. ఆ బిడ్డని కన్న తల్లి జ్ఞాపకానికి అక్కడ జాగా లేదు. పాట, ఆట, దేవత, ప్రేమ ఆ లెక్కలోకి రావు.

ఆ జాగా జి.కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000)లో దొరికింది. అందులో గుర్తుచేసుకునేది రూతు, ఒక ఆడమనిషి. తన భర్త రూబేను, అతని తల్లిదండ్రులు శివయ్య, శశిరేఖ, ఇంకా వెనక ఎల్లన్న, సుభద్ర. ఎల్లన్న వీధినాటకం, కరువు, బకింగ్‌హామ్ కాలువ పని దగ్గర కూడా వెంటాడిన అంటరానితనం, మతం మారడం, అన్నీ ఆమె తలపులోంచే వస్తాయి. చాలావరకు ఆమె కళ్లారా చూసినవి కావు, నోటినుంచి నోటికి వచ్చినవి. రాతపత్రాలు లేని జనానికి జ్ఞాపకమే దస్తావేజు. ఇక్కడ ఫ్లాష్‌బ్యాక్ ఒక మనిషి మనసులో పుట్టి ఆగిపోదు. పల్లె మొత్తం మాట్లాడుతుంది.

కొత్తగా రాసే మన పిల్లలు వీటినుంచి తీసుకోవలసింది ఇది. పాత్ర తాగుబోతు ఎందుకయ్యాడో 'వివరించడానికి' గతం అతికించొద్దు. అలా అతికిస్తే అది క్షమాపణ పత్రం అవుతుంది. ఇవాళ్టి తగువులో గతం పనిచేస్తున్నప్పుడే వెనక్కి వెళ్లాలి. వెళ్లినప్పుడు ఎవరు చెబుతున్నారు, ఎవరి ముందు చెబుతున్నారు అన్నది తేల్చుకోవాలి. దళితుడికి అవమానాల చరిత్ర ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే అదీ అన్యాయమే. ఆడికి పనితనం ఉంది, పాట ఉంది, ఎదురు తిరిగిన తాతలున్నారు.

కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయంలో వేల కథలున్నాయి. విద్యార్థులు ఓ పది కథలు తీసి, ఒక్కో పాత్రకి ఎన్ని తరాల గతం ఇచ్చారో పక్కన కులం రాసుకుని లెక్కపెట్టండి. ఆ లెక్కతోనే విమర్శ మొదలెట్టొచ్చు.