పెయ్యి మాట వినే చోటు

“అక్కా, నా పెయ్యి నా మాట ఇంటలేదు.”

మా చిన్నమ్మ బిడ్డ హైదరాబాదులో నా గదికి వచ్చి రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడో రోజు రాత్రి, లైటు తీసేశాక ఈ మాట అంది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పెళ్ళయి పద్నాలుగు నెలలు. భర్త మీద కోపం లేదు, అయిష్టమూ లేదు. అతను దగ్గరికి రాగానే ఒళ్ళు బిగుసుకుపోతుంది. నొప్పి, ఆ నొప్పి వస్తుందన్న బుగులు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఇప్పుడు అత్తగారింట్లో ఇంకో పిల్లను చూసే మాటలు మొదలయ్యాయి.

మా ఊరు నాగల్‌గిద్ద. నారాయణఖేడ్ దాటాక, కర్ణాటక సరిహద్దుకి దగ్గరగా ఉంటుంది. 2016లో మండల కేంద్రమైంది. అక్కడి నుంచి హైదరాబాదు వచ్చే దారిలో గోడల మీద ‘గుప్త రోగాల’ డాక్టర్ల పేర్లు చదువుకుంటూ పెరిగిన వాళ్ళం మేము. లైంగిక శక్తి పెంచుతామనే మందుల ప్రకటనల్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా గోడలు ఖాళీగా లేవు. ఆ రాతల్లో ఒక్కటీ మా చెల్లెలి కోసం రాసింది కాదు. వాటిలో రోగి ఎప్పుడూ మగవాడే.

స్త్రీల లైంగికత మీద సెమినార్లలో పత్రాలు చదివిన నాకు, ఆమెని ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియలేదు. ఆ సిగ్గులోంచే ఈ వ్యాసం పుట్టింది.

మొదట ఒక గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. పరీక్ష చేయబోతే చెల్లెలు వణికిపోయింది. “అంతా బాగానే ఉంది. కొత్త పెళ్ళికూతురు కదా, సిగ్గు పోతే సర్దుకుంటుంది” అన్నారామె. తర్వాత సెక్సాలజిస్టు అని బోర్డు పెట్టుకున్న ఒకాయన దగ్గరికి. ఆయన అడిగిన మొదటి ప్రశ్న “భర్త ఏడీ?” మిగిలిన ప్రశ్నలన్నీ ఆ రాని భర్త గురించే. అతని సామర్థ్యం, అతని ఓపిక, అతని అసంతృప్తి. చెల్లెలు తన జబ్బు గురించి చెప్పుకోడానికి వచ్చి, భర్త కష్టానికి సాక్షిగా కూర్చుంది.

ఆ గైనకాలజిస్టు మాట నాకు కొత్తగా అనిపించలేదు. ఆలోచిస్తే తెలిసింది, అది మన అలంకారశాస్త్రం చెప్పిన మాటే. ముగ్ధ నాయిక! బెదరడం, ముడుచుకోవడం, తప్పించుకోవడం ఆమె లక్షణాలు. అవి ఆమె అందం కూడా. శృంగార కావ్య సంప్రదాయంలో నవవధువు బెదురు కరిగిపోవడానికే ఉంటుంది. అది కరగకపోతే? నెలల తరబడి ఒళ్ళు రాయిలా అయిపోతే? ఆ స్త్రీకి మన శాస్త్రంలో పేరు లేదు. బాధని లక్షణంగా, లక్షణాన్ని అలంకారంగా మార్చిన చూపు కావ్యాల్లోంచి ఆసుపత్రి గదిదాకా వచ్చింది.

అలాగని మన సాహిత్యంలో స్త్రీ భయం విన్నవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనం’లో, రాధ తాను పెంచిన ఇళకి మొదటి రాత్రి గురించి తనే చెప్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ పిల్లతో ఎంత మృదువుగా ఉండాలో కృష్ణుడికి చెప్తుంది. అంటే నేర్చుకోవలసింది మగవాడు కూడా. సలహా ఇస్తున్న రాధ కోరిక చచ్చిన పెద్ద ముత్తైదువ కాదు. తనకీ కోరిక ఉంది, అసూయ ఉంది, దాన్ని అడిగి తీర్చుకునే తెగువ ఉంది. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ఈ కావ్యాన్ని పూర్తి పాఠంతో ప్రచురిస్తే, మరుసటి ఏడాదే ప్రభుత్వం అశ్లీలమని దాడి చేసింది. నిషేధం 1947 దాకా ఉంది. ముప్ఫై ఆరేళ్ళు! మనం దీన్ని కావ్యానికి జరిగిన అన్యాయంగా మాత్రమే చెప్పుకుంటున్నాం. ఒక స్త్రీ ఇంకో స్త్రీకి దేహం గురించి చెప్పే గొంతు కూడా అక్కడే ఆగిపోయిందని నాకిప్పుడు అనిపిస్తోంది.

ఆ ఖాళీలోకి చాలాకాలం తర్వాత పత్రికల ప్రశ్న-జవాబు శీర్షికలు వచ్చాయి. ‘స్వాతి’ వారపత్రికలో డాక్టర్ జి. సమరం దశాబ్దాల పాటు చేసిన పనిని తక్కువ చెయ్యలేం. హస్తప్రయోగం గురించీ వీర్యనష్టం గురించీ పాతుకున్న భయాలతో ఆయన శాస్త్రీయంగా పోరాడారు. నేను చూస్తున్నది ఆ ప్రక్రియ పరిమితిని. ప్రశ్నకి పేరుండదు, జవాబుకి ఒక పేరాగ్రాఫు. ఎదురు ప్రశ్నకి చోటు లేదు. పైగా పత్రిక ఇంటికి వస్తుంది, అత్తగారూ చదువుతుంది. మా ఊళ్ళో ఆ పేజీ తెలియనట్టు తిప్పేసే విద్య ఆడపిల్లలందరికీ వచ్చు.

1991లో హైదరాబాదు స్త్రీల బృందం తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ ఈ పరిమితిని గుర్తించిన పుస్తకం. అక్కడ సందేహం అడిగేదీ స్త్రీలే, కూర్చుని కలిసి జవాబు వెతికిందీ స్త్రీలే. 2004లో వీణా శత్రుఘ్న, గీతా రామస్వామి, శ్రీవిద్యా నటరాజన్ ఇంగ్లీషులో తెచ్చిన ‘టేకింగ్ ఛార్జ్ ఆఫ్ అవర్ బాడీస్’ ఆ కృషికి కొనసాగింపు. అయితే మన విమర్శ ఈ పుస్తకాన్ని ఆరోగ్యం అరలో పెట్టింది. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన ‘నీలి మేఘాలు’ని మాత్రం సాహిత్యం అరలో పెట్టుకుని చర్చించాం. అదీ అవసరమే. దేహం గురించి రాసిన స్త్రీలని బూతులు రాస్తున్నారని తిట్టిన రోజుల్లో ఆ కవిత్వానికి అండగా నిలవాలి. కానీ ఆ రెండు అరల మధ్య మా చెల్లెలు జారిపోయింది. కవిత్వంలో ఆమె నొప్పి మగవాడి దౌర్జన్యానికి సాక్ష్యం. ఆమె విషయంలో దౌర్జన్యం లేదు, నొప్పి ఉంది. చలం ‘మైదానం’ రాజేశ్వరి కూడా ఆమెకి పనికిరాదు. రాజేశ్వరి కోరికా దేహమూ ఒకే మాట మాట్లాడతాయి. కోరిక ఉండి దేహం ఒప్పుకోని స్త్రీని మనం ఇంకా రాయలేదు, లేదా రాసినదాన్ని గుర్తుపట్టలేదు.

చివరికి ఒక క్లినికల్ సైకాలజిస్టు దొరికారు. ‘సెక్స్ థెరపిస్ట్’ అన్న పేరుకి మన దేశంలో విడిగా లైసెన్సు లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి అడగాల్సింది ఇతర అర్హతలు: సైకాలజిస్టయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషను, సైకియాట్రిస్టయితే మెడికల్ కౌన్సిల్ నంబరు, ఈ సమస్యలో అనుభవం. మొదటి రోజే మందు అంటగట్టేవాళ్ళ దగ్గర, గ్యారంటీ ఇచ్చేవాళ్ళ దగ్గర లేచి వచ్చెయ్యాలి.

ఆమె చెల్లెల్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టి గంటసేపు విన్నారు. దీని పేరు వెజైనిస్మస్ అనీ, కండరాలు తన ప్రమేయం లేకుండా బిగుసుకుంటాయనీ, నయమవుతుందనీ చెప్పారు. కటి కండరాలకి ఫిజియోథెరపీ కూడా ఉంటుందన్నారు. తర్వాత మొదటి సలహా: “కొంతకాలం కలయిక పూర్తిగా మానెయ్యండి. ఇద్దరూ రండి.” ఇది మాస్టర్స్, జాన్సన్‌లు 1970లో ప్రచురించిన చికిత్సా పద్ధతిలోని తొలిమెట్టే. సమస్య ఒకరిది కాదు, ఇద్దరిదీ. ముందు స్పర్శ నేర్చుకోవాలి, మిగిలింది తర్వాత.

చెల్లెలు బయటికి వచ్చి అడిగింది. “అంటే వద్దనొచ్చా అక్కా?”

ఆ ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. వద్దనే హక్కు ఆమెకి డాక్టరు చీటీ మీద మొదటిసారి దొరికింది. 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, దాంపత్య హక్కుల పునరుద్ధరణ సెక్షన్‌ని స్త్రీ దేహస్వేచ్ఛ పేరుతోనే కొట్టేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని నిలబెట్టింది. భార్య ఇష్టంతో పనిలేదనే మినహాయింపు 2023 నాటి భారతీయ న్యాయ సంహితలోకీ నడిచి వచ్చింది. చట్టం ఇవ్వనిది, సాహిత్యం పోరాడి మాటల్లో మాత్రమే ఇచ్చినది, ఒక గదిలో చికిత్సగా దొరికింది. చికిత్స అయిపోయాక ఆ హక్కు మిగులుతుందా అన్నదే నా భయం.

ఇంకొక్క సంగతి. ఆ సైకాలజిస్టు కోస్తా ప్రాంతం ఆమె. చెల్లెలు “పెయ్యి” అనగానే ఒక క్షణం తికమకపడ్డారు. వాళ్ళ వైపు పెయ్యి అంటే ఆవుదూడ. మా వైపు పెయ్యి అంటే ఒళ్ళు. “మీ మాటల్లోనే చెప్పమ్మా, నేను నేర్చుకుంటాను” అని నోటుబుక్కులో రాసుకున్నారు. ‘లైంగిక సంపర్కం’, ‘జననాంగాలు’ అని రాసే మన వ్యాసాలు, నావి కూడా, ఆ పని చెయ్యలేదు. దేహం గురించి ఇంత రాసి, నాగల్‌గిద్ద ఆడపిల్ల తన దేహాన్ని ఏమని పిలుస్తుందో అడగలేదు.

చెల్లెలి భర్త రెండో వారం వచ్చాడు. అత్తగారు ఇంకా రెండో పెళ్ళి మాట వదల్లేదు. నెలకి రెండుసార్లు ఇంత దూరం ప్రయాణం, బస్సు ఖర్చులు, ఫీజు, ఊళ్ళో చెప్పే అబద్ధాలు. ఇవన్నీ ఎన్నాళ్ళు సాగుతాయో తెలియదు. మన జిల్లా ఆసుపత్రుల్లో ఇలాంటి గది ఒకటి ఉండాలని అడగడం సాహిత్య విమర్శ పని కాదని ఎవరైనా అంటే, విమర్శ పని ఏమిటో మనం మళ్ళీ మాట్లాడుకోవాలి.