‘మిస్సమ్మ’: అబద్ధపు దాంపత్యం – పుట్టుక ఇచ్చిన అనుమతి

పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో జన్మించిన బి.ఎన్.రెడ్డి వాహినీ సంస్థ ద్వారా, ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి విజయా సంస్థ ద్వారా తెలుగు సినిమాకు ఒక ప్రమాణాన్ని ఏర్పరిచారు. అయితే నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించగా ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వం వహించిన ‘మిస్సమ్మ’ (1955)లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల పలుకుబడి వినిపించదు. దాని మూలం రవీంద్రనాథ్ మైత్రా రచించిన బెంగాలీ నాటకం. కనుక ఈ చిత్రాన్ని నిర్మాతల ప్రాంతాన్ని బట్టి గాక, ప్రణయహాస్య ప్రక్రియను బట్టి విశ్లేషించడం సముచితం.

అబద్ధపు పెళ్ళి ఈ ప్రక్రియలో పాత ఎత్తుగడ. జర్మన్ నిశ్శబ్ద చిత్రాల కాలంలో ఎర్నెస్ట్ లూబిచ్ తీసిన ‘ది ఆయిస్టర్ ప్రిన్సెస్’ (1919)లో ఆల్చిప్పల వ్యాపారి కూతురికి రాకుమారుడైన భర్త కావాలి. రాకుమారుడి పేరు చెప్పుకొని వచ్చిన అతని అనుచరుడితోనే ఆమెకు పెళ్ళి జరిగిపోతుంది. తరువాత అసలు రాకుమారుడు, ఆమె ఒకరినొకరు ఎరగకుండానే ప్రేమించుకుంటారు. పెళ్ళి అతని పేరుమీదే జరిగింది కాబట్టి వారు అప్పటికే దంపతులు! అబద్ధం కాగితం బలంతో నిజమైంది. లూబిచ్ నవ్వు బిరుదును కొనుక్కునే సంపద మీద.

‘మిస్సమ్మ’లో అబద్ధానికి కారణం నిరుద్యోగం. జమీందారు బడిలో ఉద్యోగం దంపతులైన పట్టభద్రులకే దొరుకుతుంది. అందుకే హిందువైన రావు, క్రైస్తవురాలైన మేరీ భార్యాభర్తలుగా నటిస్తారు. ఇక్కడ మాట అబద్ధమాడుతుంది, ముఖం నిజం చెబుతుంది. రావు సీతకు సంగీతం నేర్పుతున్నప్పుడు మేరీకి కలిగే అసూయను సంభాషణకంటె సావిత్రి చూపులే ముందుగా పట్టిస్తాయి. నిశ్శబ్ద చిత్రాల అభినయ సంప్రదాయం మాటకారి చిత్రంలోనూ నిలిచివుందనడానికి ఇది నిదర్శనం.

భేదం ముగింపులో ఉంది. ఇక్కడ కాగితం చాలదు, పుట్టుక కావాలి. రాజు ఆరా తీయగా మేరీ జమీందారు దంపతులు చిన్ననాడే పోగొట్టుకున్న మహాలక్ష్మి అని తేలుతుంది. అబద్ధం నిజం కావడానికి ఉన్న అడ్డు దానితో తొలగిపోతుంది. అంటే మతాంతర వివాహమనే ప్రశ్నకు చిత్రం సమాధానం చెప్పలేదు. ప్రశ్ననే రద్దు చేసింది. లూబిచ్ వివాహవ్యవస్థను చూసి నవ్వితే, ‘మిస్సమ్మ’ నవ్విస్తూనే దానికి కాపలా కాసింది.

ఇది 1955 నాటి ప్రేక్షకుల అభిరుచికి తలవంచడమేనని సమర్థించవచ్చు. కాని ఆ సమర్థనకు చిత్రంలోనే ఒక చిక్కుంది. జన్మరహస్యం బయటపడక ముందే రావు ప్రేమించాడు. అతడు ప్రేమించినది మహాలక్ష్మిని కాదు, మేరీని. కథ వెనక్కు తీసుకున్న ధైర్యాన్ని పాత్ర అప్పటికే చూపింది. ‘మిస్సమ్మ’ను నిరపాయమైన వినోదంగా మాత్రమే పరిగణించే విమర్శ ఈ వైరుధ్యాన్ని గుర్తించవలసి ఉంది. ఆ చిత్రం నేటికీ చర్చకు నిలవడానికి దాని హాస్యం ఎంత కారణమో, ఈ తేలని చిక్కు కూడా అంతే కారణం.