చేట పట్టిన చేతులు

"మావయ్యా, మాయా నేర్చుకోనా, బ్లెండర్ నేర్చుకోనా?" అని మేనల్లుడు ఫోన్‌లో అడిగి మూడు వారాలైంది. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. త్రీడీలో మనుషుల బొమ్మలు చేసి వాటిని ఆడించాలని వాడి కోరిక. ఆలోచించి చెబుతానన్నాను. నేను ఆలోచించే లోపు వాడు ఆ రెండూ దించుకున్నాడు. తోడుగా హుడీని, జీబ్రష్, సినిమా ఫోర్‌డీ కూడా దించుకున్నాడు. మొన్న ఆదివారం ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే తెర మీద ఐదు గుర్తులు పెళ్లి పందిట్లో పెద్దమనుషుల్లా వరసగా కూర్చుని ఉన్నాయి. బొమ్మ మాత్రం ఒక్కటీ లేదు.

నవ్వొచ్చింది గానీ, నవ్వే అర్హత నాకెక్కడిది? 2019లో నేనూ అచ్చం ఇదే పని చేశాను.

అప్పటికి నాకు నలభై దాటాయి. మా అమ్మమ్మ చేటతో బియ్యం చెరగడాన్ని పది సెకన్ల బొమ్మల సినిమాగా చెయ్యాలన్న పిచ్చి పట్టింది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఉన్న ఫొటోలు రెండే. రెండింట్లోనూ ఎవరి పెళ్లిలోనో బిగుసుకుపోయి నిలబడి ఉంటుంది. నాకు గుర్తున్న అమ్మమ్మ ఎప్పుడూ అలా నిలబడలేదు. ఏదో ఒకటి చేస్తూనే ఉండేది. కదలని ఫొటోలో ఆవిడ పోలిక దొరకదనిపించింది.

అమీర్‌పేటలో ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లాను. అక్కడ కూర్చున్నాయన రంగుల కరపత్రం నా ముందుకి తోసి, "ఆరు నెలలు సార్, ఏడు సాఫ్ట్‌వేర్లు" అన్నాడు. కూరగాయల బండి మీద కొత్తిమీర కట్ట కొసరు వేసినట్టు, ఎనిమిదోది ఉచితం. డబ్బు కట్టేశాను. ఒకదానికి చెయ్యి అలవాటు పడే లోపు ఇంకోటి మొదలయ్యేది. బ్లెండర్‌లో జీ నొక్కితే బొమ్మ జరుగుతుంది, ఆర్ నొక్కితే తిరుగుతుంది, ఎస్ నొక్కితే పెరుగుతుంది. మాయాలో అవే మూడు పనులకి డబ్ల్యూ, ఈ, ఆర్. మాయాకి అలవాటుపడిన వేలితో బ్లెండర్‌లో అమ్మమ్మని కాస్త పెద్దది చేద్దామని ఆర్ నొక్కాను. పాపం, ఆవిడ తలకిందులైంది. ఆ ఆరు నెలల చదువుకి అంతకంటే మంచి బొమ్మ ఇంకోటి ఉండదు.

కోర్సు అయిపోయాక గానీ అసలు సంగతి తలకెక్కలేదు. "ఏ సాఫ్ట్‌వేర్?" అని ఊరంతా అడిగాను. "ఏ పని?" అని నన్ను నేను ఒక్కసారీ అడగలేదు. బయటివాళ్లు యానిమేషన్ అని ఒక్క మాటలో తేల్చేసేదాంట్లో మూడు వేరు వేరు పనులున్నాయి.

తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరు. అక్కడ మేకతోలుని శుభ్రం చేసి, వెలుగు పారేంత పల్చగా సాగదీసి ఆరబెట్టి, బొమ్మ గీసి, కత్తిరించి, నగలూ అంచులూ మెరిసేలా చిల్లులు కొట్టి, రంగులద్దుతారు. ఇది ఒక పని. త్రీడీలో దీన్ని మోడలింగ్ అంటారు. భుజం, మోచెయ్యి, మోకాలు దగ్గర ముక్కల్ని దారంతో ముడేసి కీళ్లు కట్టడం రెండో పని. దాని పేరు రిగ్గింగ్. తెర వెనక పుల్లలు పట్టి బొమ్మకి ప్రాణం పోయడం మూడోది, అసలైన యానిమేషన్. నిమ్మలకుంటలో ఒకే కుటుంబం ఈ మూడూ చేస్తే చెయ్యొచ్చు. వాళ్ల వెనక తరాలున్నాయి. నా వెనక ఆరు నెలల రసీదు ఉంది.

ఆ పుల్ల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తోలుబొమ్మ చేతికి కట్టిన పుల్లని పైకెత్తితే అరచెయ్యి లేస్తుంది, దాని వెంటే మోచెయ్యి ఎటు వంగాలో అటు వంగుతుంది. మోచేతిని విడిగా ఎవరూ ముట్టుకోరు. త్రీడీవాళ్లు ఐకే అనేది దీన్నే, ఇన్వర్స్ కైనమాటిక్స్. చేతి కొసని ఒక చోట పెడితే, అక్కణ్నుంచి వెనక్కి లెక్కగట్టి మోచెయ్యి ఎక్కడుండాలో కంప్యూటర్ తేలుస్తుంది. అమ్మమ్మ రెండు చేతులూ చేటని వదలకుండా ఉండాలంటే నాకు కావలసిన విద్య అదొక్కటే. ఎనిమిది సాఫ్ట్‌వేర్ల మధ్య అది ఏ వారం చెప్పారో, ఎలా దాటిపోయిందో గుర్తు కూడా లేదు.

నా బొమ్మకి మోచెయ్యి సంగతి ఇంకా అన్యాయం. త్రీడీ ఒళ్లంతా వల లాంటి గీతలతో అల్లి ఉంటుంది. వంగే చోట చేతి చుట్టూ ఆ గీతలు కనీసం మూడు వరసలు తిరగాలి, అప్పుడే మడతకి సరిపడా చర్మం ఉంటుంది. నేను ఒక్క వరసతో సరిపెట్టాను. చెయ్యి వంచగానే నీళ్ల పైపు మడత పడ్డట్టు నొక్కుకుపోయింది. ఆ పైన ఏ ఎముక ఎంత చర్మాన్ని లాగాలో రంగు పులిమి చెప్పాలి. బ్లెండర్‌లో ఎర్రగా ఉన్నచోట పూర్తిగా లాగుతుంది, నీలంగా ఉన్నచోట అసలు లాగదు. నాకెక్కడ చెయ్యి జారిందో, అమ్మమ్మ చెయ్యెత్తినప్పుడల్లా నడుం దగ్గర చీర కూడా పైకి లేచేది. పరువు తీశాను.

ఇవన్నీ దాచకుండా మేనల్లుడికి చెప్పాను. "నీకు మనిషిని తయారుచెయ్యడం ఇష్టమా, ఆడించడం ఇష్టమా?" అని అడిగాను. వాడు తల గోక్కున్నాడు. రెండూ అన్నాడు. రెండూ ఇష్టమే అవ్వచ్చు, ఒకే రోజు మొదలుపెట్టనక్కర్లేదు. మట్టి పిసికినట్టు ముక్కూ మొహమూ దిద్దడం ఇష్టమైతే ఆ పనికి జీబ్రష్ పేరు మోసింది, బ్లెండర్‌లోనూ ఆ సదుపాయం ఉంది. ఆడించడం ఇష్టమైతే బొమ్మ చేసేదాకా ఆగనే అక్కర్లేదు. కీళ్లు కట్టి సిద్ధంగా ఉన్న బొమ్మలు దొరుకుతాయి. బ్లెండర్ స్టూడియో వాళ్లే రెయిన్, స్నో అనే రెండిటిని ఉచితంగా ఇస్తున్నారు. మాయాకీ అలాంటివి ఉన్నాయి. ఈ ముక్క నాకెవరైనా 2019లో చెప్పి ఉంటే ఆ మోచేతి బాధ తప్పేది.

ఇక వాడడిగిన ప్రశ్న. ఎగ్గొట్టను.

సినిమా, గేమ్స్ స్టూడియోల్లో పాత్రల యానిమేషన్ ఉద్యోగానికి వెళ్తే ఎక్కువగా అడిగేది మాయానే. 1998లో వచ్చింది, పెద్ద స్టూడియోలు తమ పనంతా దాని చుట్టూ అల్లుకున్నాయి. విద్యార్థులకి ఉచితంగా ఇస్తారు, ఏడాదికోసారి మళ్లీ అర్హత చూపించుకోవాలి, దాంతో సంపాదించకూడదు. చదువైపోయిన రోజు చందా కట్టాలి. ఆ చందా మధ్యతరగతి ఇంట్లో మాట్లాడుకోవలసిన ఖర్చు. హుడీని ఉచిత రకం బొమ్మ మీద ముద్ర వేసి ఇస్తుంది. నిప్పు, నీరు, పొగ పుట్టించాలనుకునేవాళ్లు అటు వెళ్తారు, మనుషుల్ని ఆడించాలనుకునే వాడికి అది మొదటి మెట్టు కాదు.

బ్లెండర్ కథ వేరు. నెదర్లాండ్స్‌లో టాన్ రోజెండాల్ 1994లో తన స్టూడియో అవసరానికి మొదలుపెట్టాడు. 2002లో దాని వెనకున్న కంపెనీ మునిగింది. లక్ష యూరోలిస్తే కోడ్ వదిలేస్తామని పెట్టుబడిదారులు ఒప్పుకున్నారు. వాడకందార్లు తలా ఇంత వేసుకుంటే ఏడు వారాల్లో జమ అయింది. ఆ ఏడు అక్టోబర్ 13న అది అందరి సొత్తైంది. మన ఊళ్లలో చందాలేసి తవ్వుకున్న చెరువు లాంటిది. ఎవరొచ్చి కడవ ముంచినా అడిగేవాడు లేడు.

అందరి సొత్తు కావడం ఎందుకు ముఖ్యమో సాఫ్టిమేజ్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ సంగతి చూస్తే తెలుస్తుంది. 1993లో జురాసిక్ పార్క్ డైనోసార్లని నడిపించింది అదే. మరుసటి ఏడు మైక్రోసాఫ్ట్ కొంది, 1998లో అవిడ్ చేతికొచ్చింది, 2008లో ఆటోడెస్క్ చేతికి. 2014లో ఇక చాలని ప్రకటించారు. ఏళ్ల తరబడి దాని మీదే వేళ్లు తిప్పినవాళ్లు ఒక్క ప్రకటనతో వేరే కొట్టు వెతుక్కోవలసి వచ్చింది. వాళ్ల పాత ఫైళ్లకి దిక్కు లేకుండా పోయి ఉండొచ్చు. కానీ కాలు నేల మీద పడ్డప్పుడు తుంటి ఎటు వాలుతుందో వాళ్లకి తెలుసు, ఆ తెలివిని ఏ కంపెనీ మూసెయ్యలేదు.

లాట్వియా కుర్రాడు గింట్స్ జిల్బలోడిస్ 'అవే' అనే సినిమా మొత్తం ఒక్కడే మాయాలో చేశాడు. 2019 నాటికి బ్లెండర్‌కి మారాడు. అందులో చేసిన 'ఫ్లో' 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. అంటే ఇల్లు మారినా సామాను వెంట వస్తుంది. మొదటి ఇంటిని ముహూర్తం చూసినంత భయంగా ఎంచుకోనక్కర్లేదు.

అందుకే వాడికి చెప్పాను: నీకు తెలిసినవాళ్లలో మాయా బాగా వచ్చిన అన్నయ్యో అక్కో ఉండి, రాత్రి పదింటికి ఫోన్ చేసినా విసుక్కోకుండా చెప్తారంటే మాయా పట్టుకో. అలాంటి మనిషి ఊరికే దొరకరు. అలా ఎవరూ లేకపోతే బ్లెండర్. రేపు కాలేజీ మారినా, నాన్న చేతిలో డబ్బు ఆడకపోయినా నీ ఫైలు తెరుచుకుంటుంది. ఏదైనా సరే, ఏడాది దాకా రెండోదాని మొహం చూడకు. మధ్య బటన్ ఉన్న మౌస్ ఒకటి కొనుక్కో, టచ్‌ప్యాడ్‌తో త్రీడీ చెయ్యడం చేతికి తొడుగేసుకుని సూదిలో దారం ఎక్కించడమే.

"తర్వాత?" అన్నాడు.

తర్వాత బంతి. ఈ విద్యలో ఓనమాలు అవే. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. నాలుగడుగుల ఎత్తునుంచి వదిలిన బంతి నేలకి చేరడానికి అర సెకను, అంటే 12 ఫ్రేములు పడుతుంది. అందులో మొదటి 6 ఫ్రేముల్లో అది పడేది ఒక్క అడుగు. మిగిలిన మూడడుగులూ తర్వాతి 6 ఫ్రేముల్లోనే. ఈ తేడా పెట్టకపోతే బంతి లిఫ్టులో దిగినట్టు దిగుతుంది. కంప్యూటర్‌కి బరువంటే ఏంటో తెలియదు. రెండు చోట్లు చూపిస్తే మధ్య దారిని సాఫీగా నింపుతుంది, అంతే. బరువు మనం పెట్టాలి.

మన ఈగ సినిమా గుర్తు చేశాను. 2012లో వచ్చింది, మకుట వీఎఫ్ఎక్స్‌కి జాతీయ అవార్డు తెచ్చింది. ఆ ఈగకి మాటల్లేవు, ముడిపడే కనుబొమల్లేవు. కాళ్లు రుద్దుకోవడం, తల వాల్చడం, రెక్కలు విదల్చడం, వాటిలోనే కోపమూ పంతమూ చూపించారు. జనం ఈలలేసింది ఆ ఒడుపుకే.

మాటల్లో పడి, ఎన్నడూ ఎవరికీ చూపించని ఫైలొకటి తెరిచాను. చీర ఎగిరిన అమ్మమ్మని పక్కన పడేశాక, రెండేళ్ల కిందట మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి మొహం లేదు, చీర లేదు. తలకి ఒక ఉండ, ఒంటికి ఒక డబ్బా, చేతులకి నాలుగు గొట్టాలు, చేటకి ఒక పలక. చెరగడానికీ లెక్క అదే. జానెడు ఎత్తుకి ఎగిరిన గింజ పైకి 5 ఫ్రేములు, కిందికి 5. గింజ ఇంకా గాల్లో ఉండగానే చేట కిందికి జారి, దాన్ని అందుకోవడానికి ఎదురెళ్తుంది. పది సెకన్లు, 240 ఫ్రేములు. ఒక వేసవంతా పట్టింది.

మామిడి ముక్కల పళ్లెంతో వచ్చిన అమ్మ మా వెనకే నిలబడి చూసింది. ఇదెవరని అడగలేదు. ఇంకోసారి వెయ్యమంది. వేశాను.

"తట్టడం ఏదిరా?" అంది.

"తట్టడమా?"

"నాలుగు సార్లు ఎగరేసి ఓసారి అరచేత్తో చేట అంచున తట్టేది మా అమ్మ. తట్టకపోతే ఊక ముందుకెలా వస్తుంది? ఊరికే ఎగరేస్తే బియ్యం చెరిగినట్టా?"

ముక్కలు గిన్నెలోకి ఒంపేసి, ఖాళీ పళ్లెం పట్టుకుని చేసి చూపించింది. నాలుగు ఎగరేతలు, ఒక తట్టు. తట్టేటప్పుడు ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. ఆ దిగడం నేను మర్చేపోయాను. చూడగానే చప్పున గుర్తొచ్చింది.

మేనల్లుడు ల్యాప్‌టాప్ పక్కకి జరిపి ఫోన్ తీశాడు. "అమ్మమ్మా, వెలుతుర్లోకి రా. ఇంకోసారి, నెమ్మదిగా" అన్నాడు.

"నెమ్మదిగా చేస్తే గింజలు కింద పడతాయిరా" అంది అమ్మ, పళ్లెం ఎగరేస్తూ.