'ప్రభవ' తొలి ముద్రణ: గుర్తించే పద్ధతి, విలువ

శ్రీశ్రీగా ప్రసిద్ధుడైన శ్రీరంగం శ్రీనివాసరావు మొదటి కవితా సంపుటి 'ప్రభవ'. 1928లో విశాఖపట్నం కవితా సమితి దాన్ని వెలువరించింది. అప్పటికి కవికి సుమారు పద్దెనిమిదేళ్లు. అందులోనివి ఛందోబద్ధమైన పద్యాలు. 1930ల్లో ఆయన దారి మారింది. ఆ దశాబ్దపు గేయాలకు రచయిత చలం 1940లోనే 'యోగ్యతాపత్రం' పేరుతో ముందుమాట రాసినా, అవి 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది 1950లో. శ్రీశ్రీకి ఏ సంప్రదాయంలో చేయి తిరిగిందో, ఆ తరవాత ఆయన దేన్ని వదులుకున్నాడో తెలుసుకోవాలంటే 'ప్రభవ' చూడాల్సిందే. ఆ తొలి ముద్రణ ప్రతులు నేడు చాలా అరుదు.

పాత తెలుగు పుస్తకం తొలి ముద్రణ అవునో కాదో తేల్చడానికి ముందుగా ముఖపత్రం, దాని వెనక పుట చూస్తారు. ముద్రాపకుడి పేరు, అచ్చయిన ఊరు పుస్తకం మీద తప్పనిసరిగా ఉండాలని 1867 నాటి చట్టం చెప్పింది. కాబట్టి ప్రెస్సు పేరు మొదటి ఆధారం. సంవత్సరాన్ని తెలుగు పేరుతో మాత్రమే వేసి ఉంటే జాగ్రత్త అవసరం. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. 'విభవ' అని ఒక్క మాటే ఉంటే అది 1868 కావచ్చు, 1928 కావచ్చు, 1988 కూడా కావచ్చు. అప్పుడు అక్షరాల తీరు, అరసున్నల వాడకం, వెల, కాగితం కలిపి చూడాలి.

తరవాతిది అచ్చు పరీక్ష. సీసపు అక్షరాలను చేత్తో పేర్చి అచ్చొత్తిన పుటను వెనక్కి తిప్పి వేలితో తడిమితే అక్షరాల ఒత్తు తగులుతుంది. అక్షరాల కింద వచ్చే ఒత్తుల దగ్గర వరస కాస్త ఎగుడుదిగుడుగా కనిపించవచ్చు. ఆఫ్‌సెట్‌లో తీసిన నకలు పుట నున్నగా ఉంటుంది. ఆపైన ఫారాలు, అంటే ఒకే కాగితంపై అచ్చేసి మడిచిన పుటల కట్టలు, లెక్కపెడతారు. సాధారణంగా ఒక్కో ఫారానికి ఎనిమిదో పదహారో పుటలు. ఫారం మొదటి పుట అడుగున చిన్న అంకె ఉంటే, దాన్ని బట్టి ఏ పుటలు పోయాయో తేలుతుంది. తప్పొప్పుల పట్టిక దొరికితే మరీ మంచిది. పట్టిక చూపిన తప్పు లోపలి పుటలో అలాగే ఉంటే తొలి ముద్రణ అనడానికి బలం చేకూరుతుంది. తరవాతి ముద్రణల్లో ఆ తప్పు దిద్దుకుని ఉండవచ్చు.

అరుదైన ప్రతులన్నీ తొలి ముద్రణలు కావు. 1981లో గూటాల కృష్ణమూర్తి లండన్‌లో శ్రీశ్రీ చేతిరాతతోనే 'మహాప్రస్థానం' వెలువరించారు. అది ఎంతో విలువైనది, కానీ తొలి ముద్రణ కాదు.

ఈ పరిజ్ఞానం గ్రంథాలయాలకే కాదు, తెలుగు లిపి చదివేవాళ్లు తగ్గుతున్న చోట మరింత అవసరం. మహారాష్ట్రలో సోలాపూర్ పక్కన ఉన్న కుంభారిలో నేతపని, బీడీల పని చేసుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. తరాల కిందట తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు సోలాపూర్ మగ్గాలకు ఆధారమయ్యారు. ఆ ఇళ్లలో తెలుగు మాట్లాడుతున్నా, చదువు ఎక్కువగా మరాఠీలోనే సాగుతుంది. తాత పెట్టెలోని పుస్తకంలో ఏముందో మనవడికి తెలియకపోతే అది చిత్తుకాగితాల వాడి తక్కెడలోకి పోతుంది.

అలాంటి పుస్తకం దొరికితే చిరిగిన పుటలకు టేపు అంటించకూడదు, అట్ట మార్చి కొత్త బైండింగు చేయించకూడదు, అంచులు కత్తిరించకూడదు. ముఖపత్రం, దాని వెనక పుట, చివరి పుట ఫోటో తీసి తెలిసినవారికి చూపాలి. నేతగాళ్ల ఊరైన వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు ఇలాంటి పాత పుస్తకాలను తరతరాలుగా భద్రపరుస్తున్నాయి. అమ్మితే వచ్చే వెల ఒక్కరికి దక్కుతుంది. గ్రంథాలయంలో చేరిన ప్రతి మాత్రం, కవి పద్దెనిమిదేళ్ల వయసులో ఏం రాశాడో, అది ఎలా అచ్చయిందో అడిగిన ప్రతి పాఠకుడికీ చూపుతుంది.